చేతులు మారిన కస్టమ్ మజిల్‌లోడర్ రైఫిల్: తయారీదారుల గుర్తింపు

గొట్టం మూతి నుంచి నల్ల తుపాకిమందు పోసి, దాని మీద గుడ్డముక్కలో చుట్టిన సీసపు గుండును కడ్డీతో దట్టించి పేల్చే తుపాకిని మజిల్‌లోడర్ అంటారు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో భర్మార్ అనీ, నాటు తుపాకి అనీ పిలిచేవి కూడా ఈ కుటుంబానివే. కాకపోతే వాటి గొట్టం లోపల నున్నగా ఉంటుంది; రైఫిల్ గొట్టంలో గుండును తిప్పే మెలికల గాళ్లు ఉంటాయి. యంత్రాల కాలంలో మూలపడ్డ ఈ ఆయుధానికి అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం మళ్లీ ప్రాణం పోసింది. 1933లో ఏర్పడిన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ ఇండియానా రాష్ట్రంలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో గురి పోటీలు జరుపుతూ వచ్చింది. 1954లో టెనెసీలో టర్నర్ కర్క్‌లాండ్ మొదలుపెట్టిన డిక్సీ గన్ వర్క్స్ పాత తుపాకులను, వాటి విడిభాగాలను పోస్టు ద్వారా దేశమంతా అందించింది. 1970లో థాంప్సన్ సెంటర్ కంపెనీ హాకెన్ పేరుతో ఫ్యాక్టరీ రైఫిల్ తెచ్చింది. 1972లో ‘జెరమయా జాన్సన్’ సినిమా, 1976లో స్వాతంత్ర్య ద్విశతాబ్ది ఉత్సవాలు ఆ మోజును ఇంకా పెంచాయి. అలా ఆ దశకాల్లో ఇంటి షెడ్లలో, చిన్న పనిశాలల్లో ఒక్కొక్కటిగా తయారైన రైఫిళ్లు ఇప్పుడు చేతులు మారుతున్నాయి. చేయించుకున్నవాళ్లు పోయారు, చేసినవాళ్లలో చాలామంది పోయారు. వారసులు అమ్మకానికి పెడతారు. కొన్నవాడు గొట్టం మీద పేరు కోసం వెతుకుతాడు. తరచుగా పేరు ఉండదు. ఉన్నా అది చెప్పేది అతను అనుకున్నది కాకపోవచ్చు.

కాగితాల్లో వెతికితే దొరుకుతుందనుకోవడం కూడా ఆశే. అమెరికాలో 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం మూతి నుంచి మందు దట్టించే పాత పద్ధతి రైఫిళ్లను పురాతన ఆయుధాల కోవలో చేర్చి, మామూలు తుపాకుల నిబంధనల నుంచి మినహాయించింది. అందువల్ల చేసినవాడు వరుస సంఖ్య కొట్టనక్కర లేదు, అమ్మినవాడు రిజిస్టరులో రాయనక్కర లేదు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద ఇలాంటి తుపాకికి కూడా లైసెన్సు కావాలి కాబట్టి ఏదో ఒక కార్యాలయంలో దాని జాడ మిగులుతుంది. అమెరికాలో ఆ జాడ ఉండదు. కనుక సాక్ష్యమంతా వస్తువులోనే వెతుక్కోవాలి. ఈ వ్యాసం వాదన ఏమిటంటే, వస్తువును అడగాల్సిన ప్రశ్న ‘చేసిందెవరు’ అని కాదు, ‘ఏ భాగం ఎవరి చేతిది’ అని. గొట్టం ఒకరిది, నిప్పు రాజేసే లాక్ ఇంకొకరిది, ఇత్తడి పోతలు వేరొకరివి, కర్రను తొలిచి వీటన్నిటినీ ఒక్కటి చేసిన చెయ్యి మరొకటి. ఈ చివరి చెయ్యే రైఫిల్‌కు పేరు పెట్టదగినది. కానీ లోహం మీద అచ్చు కొట్టే అలవాటు మిగతావాళ్లకు ఎక్కువ.

ఇది ఆధునిక కాలపు తెగులు కాదు. పద్దెనిమిదో శతాబ్దపు పెన్సిల్వేనియాలో, జర్మనీ నుంచి వచ్చిన పొట్టి యేగర్ రైఫిల్‌ను సాగదీసి, గుండు బరువు తగ్గించి లాంగ్‌రైఫిల్‌ను రూపొందించిన లాంకాస్టర్ పనివాళ్లు కూడా అన్నీ తామే చేయలేదు. బర్మింగ్‌హామ్ నుంచి దిగుమతైన కెట్‌లాండ్ లాక్‌లు ఎన్నో పెన్సిల్వేనియా రైఫిళ్ల మీద కనిపిస్తాయి. లాక్ పలక మీద కెట్‌లాండ్ అని చదివి ఆ రైఫిల్ ఇంగ్లండుదని రాసుకున్నవాళ్లు తక్కువేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దంలో టోపీ పేలుడు లాక్‌లు వచ్చాక హార్డ్‌వేర్ దుకాణాల్లో గోల్చర్ పేరున్న లాక్ డజన్ల లెక్కన దొరికేది. పల్లెటూరి గన్‌స్మిత్ అదే కొని బిగించేవాడు. న్యూయార్క్ రాష్ట్రంలో 1816లో మొదలైన రెమింగ్టన్ సంస్థ తొలి వ్యాపారం ఇతర పనివాళ్లకు గొట్టాలు అమ్మడమే. లాంకాస్టర్‌లో హెన్రీ లెమన్ పూర్తి రైఫిళ్లతో పాటు గొట్టాలు, లాక్‌లు కూడా విడిగా అమ్మాడు. ఇక పెద్ద పనిశాలల సంగతి. జేకబ్ డికర్ట్ పేరున్న రైఫిల్ అంటే డికర్ట్ కొట్టులోంచి వచ్చిందని అర్థం. ఉలి పట్టింది ఆయనో, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడో ఆ అక్షరాలు చెప్పవు. చేసినవాడికి ఏ సంబంధమూ లేని గుర్తులు కూడా ఉంటాయి. మద్రాసు సైన్యంలోని తెలుగు సిపాయిలు మోసిన ఈస్టిండియా కంపెనీ మస్కెట్ల లాక్ మీద మొదట నాలుగు గళ్ల హృదయం గుర్తు, 1808 నుంచి నిలబడ్డ సింహం గుర్తు ఉండేవి. అవి యజమాని ముద్రలు. వాటిని బట్టి తుపాకి ఎవరి సొత్తో తెలుస్తుంది గాని ఎవరు చేశారో తెలియదు.

ఇవాళ్టి కస్టమ్ రైఫిల్‌లో ఈ పని విభజన ఇంకా స్పష్టం. ఎనిమిది పలకల గొట్టాన్ని కర్ర నుంచి విడదీసి తిరగేస్తే, మడమ వైపు చివర అడుగు పలక మీద చాలాసార్లు అచ్చు కనిపిస్తుంది: డగ్లస్, గ్రీన్ మౌంటెన్, గెట్జ్, రైస్, కొలెరైన్, లేదా ఒహాయో రాష్ట్రం ఐరన్‌టన్‌కు చెందిన బిల్ లార్జ్. పక్కనే రంధ్రం వ్యాసం, కొన్నిసార్లు గాళ్ల మెలిక కూడా అంకెల్లో ఉంటాయి. ఈ పేరు చూడగానే తయారీదారు దొరికాడని సంబరపడడం ఈ రంగంలో అన్నిటికన్నా సాధారణమైన పొరపాటు. ఇది గొట్టం తొలిచినవాడి పేరు. దీని వల్ల ప్రయోజనం లేదని కాదు, చాలా ఉంది: ఆ గొట్టం అమ్మకంలోకి రాకముందు ఆ రైఫిల్ పుట్టి ఉండదు. అంటే వయసుకు ఒక వైపు హద్దు దొరికినట్టే. రెండో వైపు హద్దు దొరకదు, ఎందుకంటే గొట్టం కొని ఇరవై ఏళ్లు అటక మీద పెట్టి తరవాత తీరిగ్గా రైఫిల్ కట్టేవాళ్లు ఈ వ్యాపకంలో కొల్లలు. గాళ్ల మెలిక కూడా మాట్లాడుతుంది. గుండ్రటి సీసపు గుండు కోసం చేసిన కస్టమ్ గొట్టాల్లో 66 అంగుళాలకు ఒక చుట్టు లాంటి నెమ్మది మెలిక తరచుగా కనిపిస్తుంది. థాంప్సన్ సెంటర్ హాకెన్‌లో 48 అంగుళాలకు ఒక చుట్టు ఉంటుంది. గుండ్రటి గుండుకూ, కోసు గుండుకూ రెంటికీ సరిపోయేలా కుదిర్చిన రాజీ అది. గొట్టం 28 అంగుళాలే ఉండి, ఎదురెదురు పలకల మధ్య దూరం 15/16 అంగుళం ఉండి, మెలిక 48 అయితే, పై పలక మీద అక్షరాలు లేకపోయినా అనుమానించాలి. ఆ కంపెనీ కిట్లు కూడా అమ్మింది. ఫ్యాక్టరీ అక్షరాలను ఆకురాయితో అరగదీసి, కర్రకు కొత్త రంగు పూసి, కస్టమ్ అని అమ్మడం పెద్ద కష్టమైన పని కాదు. అరగదీసిన పలక మిగతా ఏడింటితో సమానంగా లేకపోవడం కొలబద్దకు దొరుకుతుంది.

దేశం తేల్చడానికి పరీక్ష ముద్రలంత గట్టి సాక్ష్యం మరొకటి లేదు. ఇంగ్లండ్, బెల్జియం, స్పెయిన్, ఇటలీ దేశాల్లో గొట్టాన్ని ఎక్కువ మందుతో పేల్చి పరీక్షించి ముద్ర వేసే అధికారిక సంస్థలున్నాయి. లండన్‌లో ఈ పద్ధతి పదిహేడో శతాబ్దం నాటిది, బర్మింగ్‌హామ్ పరీక్షాలయం 1813లో వచ్చింది, బెల్జియంలోని లియేజ్ ముద్రలో ఇ.ఎల్.జి. అనే అక్షరాలు ఒక అండాకారంలో ఉంటాయి. ఇటలీ ముద్రల్లో నల్ల తుపాకిమందుకు పి.ఎన్. అనే అక్షరాలుంటాయి. అంతకన్నా ఉపయోగపడేది తేదీ గడి: 1954 నుంచి రోమన్ అంకెలు, 1975 నుంచి జంట అక్షరాలు. ఇరవైని సూచించే రోమన్ అంకె ఉంటే ఆ గొట్టం పరీక్షకు వెళ్లింది 1964లో. అమెరికాలో ప్రభుత్వ పరీక్షాలయం లేదు. కాబట్టి అమెరికన్ కస్టమ్ రైఫిల్ అని చెబుతున్న దాని గొట్టం అడుగున ఇలాంటి ముద్రలు కనిపిస్తే, ఆ గొట్టమో మొత్తం రైఫిలో సముద్రం దాటి వచ్చిందని తేలిపోయినట్టే. మరలు కూడా ఇదే కథ చెబుతాయి. మర చుట్ల కొలత మిల్లీమీటర్లలో సరిపోతే యూరప్ సామాను, అమెరికన్ ప్రమాణ కొలతలో సరిపోతే ఆధునిక అమెరికన్ సామాను, ఏ కొలతకూ లొంగకపోతే పాతదో లేక పాతకాలపు పద్ధతిలో చేతితో కోసినదో. లాక్ లోపలి వైపు తిప్పితే సైలర్, చేంబర్స్, డేవిస్, ఎల్ అండ్ ఆర్ లాంటి సరఫరాదారుల జాడ తరచుగా దొరుకుతుంది. ఎత్తుపల్లాలు లేని ఒకే తీరు పోత పలక లోపల కనిపిస్తే అది మైనపు అచ్చు పద్ధతిలో పోసిన ఆధునిక భాగమని నమ్మవచ్చు.

ఇక్కడికి లోహం చెప్పగలిగినది అయిపోతుంది. ఇంతా చేసి తేలేది సామాను ఎక్కడ కొన్నారన్నది మాత్రమే. ఒకే గొట్టం, ఒకే లాక్, ఒకే ఇత్తడి సెట్టు కొన్న ఇద్దరు పనివాళ్ల రైఫిళ్లు పక్కపక్కన పెడితే ఒకటి లేడిపిల్లలా, ఇంకొకటి దూలంలా ఉండవచ్చు. తేడా అంతా కర్రలో ఉంది. కొనడానికి వీల్లేని భాగం అదొక్కటే. మణికట్టు దగ్గర మందం ఎంత తగ్గించాడు, మడమ పై గీత గొట్టం గీతతో ఎంత కోణంలో దిగుతుంది, లాక్ చుట్టూ వదిలిన చెక్క అంచు వెడల్పు ముందూ వెనకా ఎలా సన్నబడుతుంది, చెంప ఆనే దిమ్మె కింద గీత ఎక్కడ మొదలై ఎక్కడ కరిగిపోతుంది: ఇవి పనివాడు ఆలోచించకుండానే చేసేవి, అందుకే దాచలేనివి. పాత పెన్సిల్వేనియా పనిని ప్రాంతాల వారీగా విడదీయడానికి ఆధారమైందీ ఇదే. లాంకాస్టర్ మడమ పై గీత తిన్నగా సాగుతుంది, లీహై లోయ రైఫిల్ మడమ వంకీ తిరిగిన ముక్కులా వంగుతుంది, బెడ్‌ఫర్డ్ రైఫిల్ నాజూకు నడుముతో దూరం నుంచే పట్టుబడుతుంది. 1960లో వచ్చిన జో కిండిగ్ గ్రంథం సంతకమున్న రైఫిళ్ల చెక్కడపు పనిని దగ్గరగా చూసి, వాటి పోలికతో సంతకం లేనివాటిని గుంపుల్లోకి చేర్చే అలవాటును స్థిరపరిచింది. ఆధునిక కస్టమ్ రైఫిల్‌కు కూడా ఈ పద్ధతే వర్తిస్తుంది, సౌకర్యం ఇంకా ఎక్కువ: పోల్చడానికి కావలసిన సంతకం చేసిన పని సమృద్ధిగా ఫొటోల్లో ఉంది, చేసినవాళ్లలో కొందరు బతికే ఉన్నారు. 1996లో ఏర్పడిన కాంటెంపరరీ లాంగ్‌రైఫిల్ అసోసియేషన్ లాంటి సంస్థల ప్రదర్శనల్లో ఒక పనివాడి చెక్కడాన్ని మరో పనివాడు క్షణంలో గుర్తుపట్టడం మామూలే.

కర్ర లోపలి వైపు ఇంకా నిజాయితీ గలది. పైన ఇసుక కాగితం అన్నిటినీ నున్నగా చేసేస్తుంది, గొట్టం కూర్చునే కాలువలోకి అది పోదు. అక్కడ సమాన దూరంలో అడ్డంగా గీతలుంటే నకలు తీసే యంత్రం మీద కోసిన సగం తయారు కర్ర కొన్నాడని అర్థం. ఉలి దెబ్బలు, చెక్క ఎక్కడ తాకుతోందో చూడటానికి పూసిన మసి మరకలు ఉంటే చేతితో తొలిచాడు. ఖాళీలను ఎపాక్సీతో పూడ్చి ఉంటే అది ఇరవయ్యో శతాబ్దపు రెండో సగం పని. చాలామంది పనివాళ్లు పైన పేరు వేయడానికి సిగ్గుపడి, లేదా కొనేవాడి కోరిక మేరకు పైన వదిలేసి, గొట్టం అడుగునో, మడమ పలక కిందో, గుడ్డముక్కలు దాచుకునే ప్యాచ్‌బాక్స్ మూత లోపలో, లాక్ గూటి గోడ మీద పెన్సిల్‌తోనో పేరు, తేదీ రాసుకున్నారు. వెతకాల్సినవాడు ముందు ఇక్కడ వెతకాలి.

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటుంది: శైలిని నేర్పవచ్చు, నేర్చుకోవచ్చు, అనుకరించవచ్చు. కెంటకీలోని వుడ్‌బరీకి చెందిన హెర్షెల్ హౌస్ నల్లటి ఇనుప సామానుతో, వయసు మళ్లినట్టు కనిపించే పూతతో చేసిన సాదా రైఫిళ్లు ఎంత ప్రభావం చూపాయంటే ఆ బాణీకి వుడ్‌బరీ పేరే స్థిరపడింది. బౌలింగ్ గ్రీన్‌లోని వెస్టర్న్ కెంటకీ విశ్వవిద్యాలయంలో జరిగిన శిక్షణ శిబిరాల్లో పేరున్న పనివాళ్ల దగ్గర నేర్చుకున్న విద్యార్థులు ఇళ్లకు వెళ్లి గురువు గీతలే గీశారు. వాటిలో ఏది గురువుది, ఏది శిష్యుడిది? అభ్యంతరం నిజమే, కానీ అది దెబ్బతీసేది ఒక్క లక్షణం చూసి తీర్పు చెప్పే అలవాటును. శిష్యుడు చెక్కడపు లత వంపును పట్టుకుంటాడు. లాక్ గూటి అడుగు తొలిచే తీరు, చీలలకు రంధ్రాలు వేసే ఎత్తు, మర తలల గీతలన్నీ ఒకే వైపు తిప్పి ఆపే పట్టింపు లాంటివి అతను గమనించనైనా గమనించడు. కనపడే శైలి, కనపడని అలవాటు రెండూ కలిసినప్పుడు పేరు చెప్పవచ్చు. శైలి మాత్రమే కలిస్తే ‘ఫలానా బాణీలో’ అని రాసి ఆగాలి. అలా ఆగడం ఓటమి కాదు, వస్తువుల చరిత్ర రాసేవాళ్లకు అది రోజువారీ మర్యాద.

మరి సంతకం స్పష్టంగా ఉంటే ఇంత తతంగం ఎందుకని అడగవచ్చు. సెయింట్ లూయిస్ హాకెన్ రైఫిళ్ల చరిత్రే జవాబు. జేకబ్ హాకెన్ 1849లో కలరాతో చనిపోయాడు, తమ్ముడు శామ్యూల్ పేరు మీద వ్యాపారం సాగింది. 1862లో కొట్టు జాన్ గెమ్మర్ చేతికి వెళ్లాక కూడా ఆ ఎస్. హాకెన్ అచ్చును అతను కొంతకాలం వాడాడని చెబుతారు. దాంట్లో మోసమేమీ లేదు, అది కొట్టు పేరు. కానీ ఆ అచ్చునే నమ్ముకున్నవాడు శామ్యూల్ ముట్టని రైఫిల్‌ను శామ్యూల్ పని అంటాడు. హాకెన్ పేరుకున్న ధరను బట్టి, ఉద్దేశపూర్వకంగా కొట్టిన దొంగ అచ్చుల బెడద కూడా ఉండనే ఉంది. సంతకం ఒక దావా. మిగతా సాక్ష్యం దాన్ని సమర్థిస్తేనే అది రుజువు.

దీనికి తిరగేసిన ఉదాహరణ ఇంకా బోధపరుస్తుంది. పెన్సిల్వేనియాలోని క్రిస్టియన్స్ స్ప్రింగ్ అనే మొరేవియన్ క్రైస్తవ స్థావరంలో క్రిస్టియన్ ఓర్టర్ 1775లో చేసిన ఒక రైఫిల్ 1971లో వ్యాలీ ఫోర్జ్ ప్రదర్శనశాల నుంచి దొంగతనానికి గురైంది. 2018లో బర్క్స్ కౌంటీలో పాత సామాను అమ్మకంలో ఒక వ్యాపారి దాన్ని 4,000 డాలర్లకు కొన్నాడు, మంచి నకలు అనుకుని. ఇంటికి తెచ్చి మురికి తుడిచి నిదానంగా పరిశీలించాక అది నకలు కాదని తేలింది. రైఫిల్ తిరిగి అసలు యజమానులకు చేరింది, 2019లో ఫిలడెల్ఫియాలోని అమెరికన్ విప్లవ మ్యూజియంలో ప్రదర్శనకు వచ్చింది. ఆధునిక పనివాళ్లు పాతదానికి ఎంత దగ్గరగా వచ్చారంటే అనుభవమున్న కన్ను కూడా అసలును నకలుగా పొరబడింది. అందుకే కొన్న రైఫిల్ 1970ల నాటిదని మొదటే తీర్మానించుకుని పరిశీలన మొదలుపెట్టకూడదు. గొట్టం, మరలు, కర్ర లోపలి ఉలి జాడలు మూడూ ఒకే కాలాన్ని చెప్పాలి.

అన్నీ ఒకే చేతివైన రైఫిళ్లు అసలే లేవా అంటే ఉన్నాయి. వర్జీనియాలోని కలోనియల్ విలియమ్స్‌బర్గ్ గన్‌షాపులో వాలస్ గస్లర్ ఇనుప పట్టీని కొలిమిలో చుట్టి గొట్టం చేయడం, లాక్‌ను సాగగొట్టి మలచడం, ఇత్తడి పోయడం, కర్ర చెక్కడం అన్నీ ఒక్కడే చేసి చూపాడు. 1969 నాటి డాక్యుమెంటరీ చిత్రంలో ఆ పనంతా నిలిచి ఉంది. ఇలాంటి రైఫిల్‌లో గొట్టం అడుగున సరఫరాదారు అచ్చు ఉండదు, రంధ్రం అంచున అతుకు జాడ ఉండవచ్చు. కానీ ఇవి అపురూపం. అపురూపమైనదాన్ని ఆధారం చేసుకుని సాధారణమైనదాన్ని వెలకట్టడం తప్పు. కొన్న గొట్టం, కొన్న లాక్ ఉన్నంత మాత్రాన కస్టమ్ రైఫిల్ విలువ తగ్గదు. లాంకాస్టర్ మహామహులే కెట్‌లాండ్ లాక్ బిగించారు.

పేరు తెలియకపోయినా గుండు అదే చోట తగులుతుంది కదా, ఈ గొడవ ఎవరికి కావాలి అనేవాళ్లు ఉంటారు. తగులుతుంది, గొట్టం వెనక బిగించిన బిరడా సరిగ్గా ఉంటే. ఆ బిరడా ముందు అంచు గొట్టం లోపలి భుజానికి ఆనకపోతే మధ్య ఖాళీలో మసి పేరుకుని తుప్పు తింటుంది, చివరికి పేల్చేవాడి ముఖం ముందే వీగిపోవచ్చు. అనుభవమున్న గన్‌స్మిత్ పని అని తేలితే ఈ భయం తగ్గుతుంది, పోదు. తెలియని చేతి పని అయితే విప్పి చూపించాకే పేల్చాలి. ధర ప్రస్తావన అనవసరం. మంచి పేరుకూ అనామకపు కిట్‌కూ మధ్య తేడా ఎన్నో రెట్లని ఈ సామాను కొన్నవాళ్లందరికీ తెలుసు.

పరిశీలన మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక, దీనికి మినహాయింపు లేదు. చేతులు మారిన మజిల్‌లోడర్‌లో పాత మందు, గుండు ఇంకా లోపలే ఉండవచ్చు, దశాబ్దాల తరవాత కూడా పేలవచ్చు. దట్టించే కడ్డీని గొట్టంలోకి వదిలి మూతి దగ్గర గుర్తు పెట్టి, ఆ పొడవును గొట్టం బయట కొలిచి చూస్తే లోపల ఏదైనా అడ్డుందో లేదో తెలుస్తుంది. తరవాతే విప్పడం. గొట్టాన్ని కర్రకు పట్టి ఉంచే సన్నని చీలలను సరైన వైపుకు తట్టి తీయాలి, తప్పు వైపు తడితే కర్ర పెచ్చు లేస్తుంది. చేతకానప్పుడు చేతనైనవాడికి ఇవ్వడం మేలు. తుప్పు, పాత పూత, పెన్సిల్ రాతలు ఏవీ పాలిష్ చేయకూడదు, అవే సాక్ష్యం. దొరికిన ప్రతి అచ్చునూ పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీయాలి.

తీర్పు రాసేటప్పుడు నిజానికి మూడు నాలుగు పేర్లు అవసరమవుతాయి, ఒకటి కాదు: గొట్టం గ్రీన్ మౌంటెన్, లాక్ సైలర్ నమూనా, కర్ర లాంకాస్టర్ బాణీలో చేతితో తొలిచినది, కర్ర చెక్కినవారు తెలియదు. ఇలా రాసిన రైఫిల్‌కు రేపు ఎవరైనా పోలిక దొరికిస్తే నాలుగో గడి నిండుతుంది. ఊహతో నేడే నింపేస్తే ఆ తలుపు మూసుకుపోతుంది. ఇప్పుడు పనిచేస్తున్న గన్‌స్మిత్‌లు గొట్టం అడుగు పలక మీద తమ పేరు, ఊరు, సంవత్సరం కొట్టాలి. కొన్నవాళ్లు తమకు తెలిసిన వివరాలు ఒక కాగితం మీద రాసి ప్యాచ్‌బాక్స్‌లో పెట్టాలి.